వెనిస్, ప్రాగ్, బ్రూజ్: ఇద్దరే వెళ్లే మూడు రాత్రులకు ఏ ఊరు?

"అక్కా, మా అయిదో పెళ్లిరోజుకి మూడు రాత్రులు ఎటైనా వెళ్దామనుకుంటున్నాం. అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి బాబును చూసుకుంటారు. వెనిసా, ప్రాగా?" అని లండన్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వెనక నుంచి మా మరిది గొంతు: "బ్రూజ్ కూడా అడుగు. రైల్లో పోవచ్చు, ఎయిర్‌పోర్టు గోల ఉండదు."

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎనిమిదేళ్లు ఉంటే చాలు, చుట్టాలందరికీ మనం జీతం లేని ట్రావెల్ ఏజెంట్లం అయిపోతాం. ఇటలీలో వెనిస్, చెక్ రిపబ్లిక్‌లో ప్రాగ్, బెల్జియంలో బ్రూజ్: ఈ మూడు ఊళ్ల గురించీ ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఈసారి చెల్లెలికి చెప్పిందంతా రాసి పెడుతున్నాను. ఇంకెవరైనా అడిగితే ఇదే పంపిస్తాను.

ముందు ఒక మాట. మూడూ అందమైన ఊళ్లే, అందులో పేచీ లేదు. కానీ పొద్దున పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా మూడూ తిరనాళ్లే. గొడుగో జెండానో పైకెత్తి పట్టుకుని నడిచే గైడు, వెనక నలభై మంది. ఆ గుంపులో పక్కన నడిచే మనిషి చెయ్యి వదిలితే మళ్లీ దొరకదు. అందుకే ఫొటోలు చూసి ఊరు ఎంచుకోకండి. ఆ గుంపు ఎప్పుడు వెళ్లిపోతుంది, వెళ్లాక ఊరు ఎలా ఉంటుంది, ఆ వేళకి మీ ఇద్దరూ మెలకువగా ఉండే రకమేనా అని చూడండి. వెనిస్ రాత్రి ఊరు. ప్రాగ్ తెల్లవారుజాము ఊరు. బ్రూజ్ సాయంత్రం ఊరు. నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

దీన్నుంచే రెండో విషయం. ఏ ఊరికి వెళ్లినా పాత ఊరి లోపలే గది తీసుకోండి. వెనిస్ బయట మెస్త్రేలో హోటళ్లు చవక, రైల్లో పది నిమిషాల దూరం. నిజమే. కానీ రాత్రి పదకొండింటికి రైలు టైము చూసుకుంటూ స్టేషనుకి పరుగెత్తేవాళ్లకి వెనిస్ దొరకనట్టే. డబ్బు తగ్గించుకోవాలంటే ఒక రాత్రి తగ్గించుకోండి, లోపలే ఉండండి.

వెనిస్

మేము వెనిస్ వెళ్లింది పెళ్లయిన మూడో ఏడు. మా ఆయన ఇరవై మూడు కిలోల సూట్‌కేసు తెచ్చారు. హోటలు స్టేషన్ నుంచి "నడిచి పదిహేను నిమిషాలు" అని రాసుంది. వెనిస్‌లో కార్లు లేవు, ఆటోలు లేవు, సైకిళ్లు కూడా లేవు. ఉన్నవల్లా నాలుగు వందలకు పైగా వంతెనలు. ప్రతి వంతెనకీ ఎక్కే మెట్లు కొన్ని, దిగే మెట్లు కొన్ని. మా దారిలో అయిదు వంతెనలు తగిలాయి. మూడోదాని మీద సూట్‌కేసు చక్రం ఒకటి ఊడి, మెట్ల మీద టకటకా దొర్లుకుంటూ వెళ్లి కాలవలో పడింది. మా ఆయన ఒక నిమిషం నీళ్ల వంక చూసి, "అర్పణం అయిపోయింది, పద" అన్నారు. ఆ రోజు నవ్వు ఇప్పటికీ ఆగలేదు గానీ మీరు మాత్రం తలా ఒక భుజం సంచితో వెళ్లండి.

కానీ ఆ బండ్లు లేకపోవడమే వెనిస్ గొప్పతనం. రాత్రి పది దాటాక సందుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది. కాలవ గట్టుకి నీళ్లు తగిలే శబ్దం, ఎక్కడో పై అంతస్తులో గిన్నెలు కడిగే శబ్దం, అంతే. పాత ఊళ్లో నివాసం ఉండేవాళ్లు యాభై వేల లోపే. పగటి జనం స్టేషన్ వైపు వెళ్లిపోయాక మిగిలేది వాళ్లూ, లోపల గది తీసుకున్న మీరూ. దారి తప్పుతారు, తప్పండి. దీవి ఊరు కాబట్టి ఎటు వెళ్లినా చివరికి నీళ్లే అడ్డం వస్తాయి, వెనక్కి తిరగడమే.

అందరూ అడిగేది గొండోలా గురించి. ఊరి పాలకులు నిర్ణయించిన రేటు పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటాక 110. ఇది పడవ మొత్తానికి, మనిషికి కాదు. అయిదుగురి దాకా ఎక్కవచ్చు. పాట ఇందులో కలవదు, పాడేవాణ్ణి పెట్టుకుంటే వేరే డబ్బు. ఎక్కాలా? జీవితంలో ఒకసారి అనుకుంటే ఎక్కండి. ఊరి మధ్యగా పోయే పెద్ద కాలవలో (గ్రాండ్ కెనాల్) మాత్రం వద్దు. మోటారు పడవల అలలకి ఊగుతూ, పక్క గొండోలాలో వాళ్ల సెల్ఫీలలో మనం పడుతూ కూర్చోవాలి. లోపలి చిన్న కాలవల దగ్గర బేరం మాట్లాడుకుని అక్కడే ఎక్కండి.

డబ్బు దండగ అనిపిస్తే నేను చేసేది చెప్తాను. రాత్రి తొమ్మిదిన్నరకి ఒకటో నంబరు వాపొరెత్తో, అంటే నీళ్ల మీద నడిచే సిటీ బస్సు, స్టేషన్ దగ్గర ఎక్కి బయటి సీట్లలో కూర్చుంటాను. టికెట్టు 9 యూరోల 50 సెంట్లు, 75 నిమిషాలు చెల్లుతుంది. పెద్ద కాలవ పొడవునా ప్రతి రేవులో ఆగుతూ, రియాల్తో వంతెన కింద నుంచి ఊరి ముఖ్యమైన చౌకు సాన్ మార్కో దాకా ముప్పావు గంట ప్రయాణం. రెండు పక్కలా మేడల్లో దీపాలు, లోపల పైకప్పుల మీది బొమ్మలు కనిపిస్తాయి. పగలు ఇవేవీ కనపడవు. గొండోలా ఎక్కామనిపించుకోవాలంటే ఇంకో ఉపాయం ఉంది: త్రగెత్తో. పెద్ద కాలవని అడ్డంగా దాటించే బల్లకట్టు లాంటి గొండోలా, మనిషికి 2 యూరోలు. రెండు నిమిషాల్లో అవతలి ఒడ్డు.

ఖర్చులో ఈ మూడింటిలోకీ వెనిస్సే పైన. కూర్చుని తింటే కొపెర్తో అని తలకి ఇంతని బిల్లులో కలుపుతారు, మోసం కాదు, అక్కడి ఆనవాయితీ. సాన్ మార్కో చౌకులో 1720 నాటి కాఫీ హోటలు ఫ్లోరియాన్ ఉంది. బయట వాద్యగాళ్లు వాయిస్తుండగా కూర్చుంటే కాఫీతోపాటు సంగీతానికీ చార్జీ పడుతుంది. నిలబడి వినడానికి పైసా అక్కర్లేదు, మేము అలాగే విన్నాం. 2024 నుంచి రద్దీ రోజులు కొన్ని ఎంచి, పగలు వచ్చి పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుంటున్నారు. 2025లో ముందుగా కడితే 5 యూరోలు, ఆఖరి నిమిషంలో అయితే 10. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుని కూడా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, మర్చిపోకండి.

నీళ్ల భయం చాలామందికి ఉంటుంది. 2019 నవంబరు 12న పోటు 187 సెంటీమీటర్లు వచ్చి ఊరు చాలావరకు మునిగింది. ఆ మరుసటి ఏడు అక్టోబరు నుంచి సముద్రపు ముఖద్వారాల దగ్గర మోసే అనే గేట్లు లేపుతున్నారు కాబట్టి అంత ప్రమాదం ఇప్పుడు లేదు. సాన్ మార్కో చౌకు మాత్రం ఊళ్లోకెల్లా పల్లం, కాస్త పోటుకే తడుస్తుంది. అలాంటప్పుడు చెక్క బల్లల వంతెనలు వేస్తారు. నన్నడిగితే నవంబరే మంచిది. పొగమంచు పట్టి, గది అద్దెలు దిగి, దీపాలు నీళ్లలో మసకగా కనపడే నెల అది. జులై, ఆగస్టుల్లో వెళితే మన మే నెల ఉక్క, దోమలు, కాలవల వాసన, పైగా మూడింతల జనం. ఫిబ్రవరిలో కార్నివాల్ రోజులూ అంతే, మాస్కుల ముచ్చటకి గది అద్దె రెట్టింపు పెట్టగలవాళ్లకే.

ప్రాగ్

ప్రాగ్‌కి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి నచ్చలేదు. తప్పు ఊరిది కాదు, మాది. పాత ఊరి చౌకు పక్కనే గది తీసుకున్నాం. రాత్రి రెండింటి దాకా కిటికీ కింద బీరు బృందాల పాటలు. పెళ్లికి ముందు స్నేహితులతో తాగడానికి వచ్చే కుర్రాళ్లకి ఆ ఊరు పేరుపడ్డది. మధ్యాహ్నం చార్ల్స్ వంతెన ఎక్కితే మన పుష్కర ఘాట్ గుర్తొచ్చింది.

రెండోసారి నది అవతల, కోట కింద ఉండే మాలా స్త్రానాలో గది తీసుకుని, పొద్దున్నే లేచాం. అది వేరే ఊరు. వంతెన 516 మీటర్లు, రెండు పక్కలా 30 విగ్రహాలు. అక్టోబరు పొద్దు, ఏడు కావస్తోంది. వల్తావా నది మీద పల్చటి ఆవిరి, విగ్రహాలు నల్లగా, ఆకాశం బూడిద రంగు. మాతోపాటు వంతెన మీద ఉన్నది చీపురుతో ఊడ్చే ఆయన, కుక్కతో నడిచే పెద్దావిడ, తెల్ల గౌనులో వణుకుతున్న ఒక పెళ్లికూతురు, ఆమె ఫొటోగ్రాఫరు. మన ప్రీవెడ్డింగ్ షూట్ల పిచ్చి మనకొక్కరికే లేదు. షాట్‌కీ షాట్‌కీ మధ్య ఆ పెళ్లికొడుకు తన కోటు తీసి ఆ పిల్లకి కప్పడం చూశాం. కోట మీద ఎండ పడేదాకా అక్కడే నిలబడ్డాం. ఎనిమిదిన్నరకి మొదటి జెండా గైడు కనిపించగానే టిఫిన్‌కి వెళ్లిపోయాం.

ఆ వంతెనకి ముహూర్తం కథ ఒకటుంది, మనవాళ్లకి భలే నచ్చుతుంది. నాలుగో చార్ల్స్ చక్రవర్తి 1357 జులై 9న, పొద్దున 5 గంటల 31 నిమిషాలకి శంకుస్థాపన చేశాడని చెప్తారు. 1357, 9, 7, 5, 31: అంకెలు అటు నుంచి చదివినా ఇటు నుంచి చదివినా ఒకటే. జ్యోతిష్కులు పెట్టించారట. సున్నంలో గట్టిదనానికి కోడిగుడ్లు కలిపారని ఇంకో కథ. మన పాత కట్టడాల గచ్చులో బెల్లం, కరక్కాయ కలిపినట్టు. గుడ్లు పంపమంటే ఒక ఊరివాళ్లు పగిలిపోతాయని ఉడకబెట్టి పంపారని చెప్పుకుని అక్కడి వాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఇంకొక ముచ్చట. మే 1న అక్కడ ప్రేమికుల రోజు. పూసిన చెట్టు కింద, చెర్రీ చెట్టయితే మరీ మంచిది, అబ్బాయి అమ్మాయిని ముద్దు పెట్టుకోవాలి. లేకపోతే ఆ ఏడాదంతా అమ్మాయి ఎండిపోతుందని నమ్మకం. పెత్రిన్ కొండ మీద కవి మాఖా విగ్రహం దగ్గర ఆ రోజు జంటలు వరస కడతారు. ముసలివాళ్లు కూడా నవ్వుకుంటూ వరసలో నిలబడతారు. ఏప్రిల్ చివర, మే మొదట్లో మీకు సెలవు దొరికితే ఇక వెనిస్ గురించి ఆలోచించకండి. డిసెంబరులో క్రిస్మస్ ముందు నాలుగు వారాలు వంతెన మీది గ్యాస్ దీపాల్ని పాతకాలం దుస్తుల్లో ఒకాయన చేత్తో వెలిగిస్తాడు. చూడదగ్గదే. కాకపోతే నాలుగింటికే చీకటి పడుతుంది, చలి ఎముకలకి తగులుతుంది.

1410 నాటి ఖగోళ గడియారం కింద గంట గంటకీ జనం మెడలు పైకెత్తి నిలబడతారు. ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు కిటికీల్లోంచి తొంగిచూసి, కోడి కూసి, నిమిషంలో అయిపోతుంది. అందరూ "ఇంతేనా" అన్నట్టు మొహాలు చూసుకుంటారు. గడియారం పనితనం గొప్పది, ఆ ఆటకోసం కాచుకోవడం దండగ.

ప్రాగ్‌లో యూరోలు కాదు, కొరూనాలు. అక్కడే నేను దెబ్బతిన్నాను. చౌకు దగ్గర ఒక డబ్బు మార్చే దుకాణం మీద కమీషన్ సున్నా అని పెద్ద బోర్డు. వంద యూరోలు ఇస్తే చేతికొచ్చింది రావాల్సినదాంట్లో మూడొంతులే. కమీషన్ లేదు నిజమే, రేటులోనే అంతా లాగేశారు. 2019 నుంచి అక్కడ చట్టం ఉంది: మార్చుకున్న మూడు గంటల లోపల రసీదుతో వెనక్కి వెళితే డబ్బు తిరిగి ఇచ్చేయాలి. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది. మీరు కార్డే వాడండి. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అంటే వద్దు అని నొక్కండి.

గది, తిండి వెనిస్‌తో పోలిస్తే బాగా చవక. అదే డబ్బుకి ఒక మెట్టు పై హోటల్లో ఉండవచ్చు. శాకాహారులకి స్మాజెనీ సీర్ అని పొడి పూసి వేయించిన జున్ను ముక్క, బంగాళదుంపలతో దొరుకుతుంది. దాంతో ఇచ్చే తెల్ల సాసులో గుడ్డు ఉంటుంది, పొడి పూతలోనూ ఉండవచ్చు, పట్టింపున్నవాళ్లు అడిగి తెలుసుకోండి. వీధి వీధికీ చిమ్నీ గొట్టంలా కాల్చి అమ్మే తీపి రొట్టె త్రెదెల్నీక్‌ని "పురాతన చెక్ వంటకం" అంటారు. కాదు, టూరిస్టుల కోసం ఈమధ్య వెలిసినదే. బాగుంటుంది, తినండి, పురాతనం అని మాత్రం మోసపోకండి.

బ్రూజ్

మా మరిది చెప్పిన ఈ ఊరిని చాలామంది పట్టించుకోరు. బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట. ఆ గంట దూరమే దానికి వరమూ శాపమూ. అందరూ పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోతారు. అయిదున్నర, ఆరు అయ్యేసరికి ఊరు తలుపులు మూసుకున్న ఇల్లులా ఉంటుంది, మీరు లోపల ఉంటారు. వెనిస్ రాత్రి కోసం పది దాకా కాచుకోవాలి, ప్రాగ్ పొద్దు కోసం అలారం పెట్టుకోవాలి. బ్రూజ్‌కి ఏమీ చెయ్యక్కర్లేదు, గదిలో కాసేపు పడుకుని లేస్తే చాలు.

ఊరు ఇలా మిగలడానికి కారణం కూడా విచిత్రం. ఒకప్పుడు ఇది పెద్ద రేవు, ఉత్తర ఐరోపా వర్తకమంతా ఇక్కడే. సముద్రానికి దారి అయిన జ్విన్ పాయ పదిహేనో శతాబ్దానికి ఒండ్రుతో పూడిపోతూ వచ్చి, వర్తకం ఆంట్‌వెర్ప్‌కి తరలిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేకపోయింది. ఆ పేదరికమే ఊరిని కాపాడింది, 2000లో యునెస్కో జాబితాలోకి ఎక్కించింది.

చూసేవి తక్కువే, అదీ ఒక సుఖమే. గంటస్తంభం 83 మీటర్లు, 366 మెట్లు. పై మెట్లు ఇరుకు, ఎక్కేవాళ్లు దిగేవాళ్లకి తప్పుకుంటూ పోవాలి. మైకెలాంజెలో చెక్కిన తల్లీబిడ్డ విగ్రహం ఒక చర్చిలో ఉంది. 1245 నాటి బెగైన్ హోఫ్, అంటే భక్తురాళ్లయిన ఆడవాళ్లు కలిసి ఉండే ఆవరణ, దాని లోపల పొడుగాటి చెట్లు, తెల్ల ఇళ్లు, మాట్లాడవద్దని బోర్డు. దాని పక్కనే మిన్నెవాటర్, ప్రేమ సరస్సు. దాని వంతెన మీద కలిసి నడిస్తే ప్రేమ నిలుస్తుందంటారు. అక్కడి హంసల కథ ఇంకా బాగుంటుంది. 1488లో ఊరివాళ్లు అప్పటి పాలకుడు మాక్సిమిలియన్‌ని బంధించి, అతని కళ్లెదుటే అతని మనిషి లాంఖాల్స్‌ని చంపారు. ఆ ఇంటిపేరుకి పొడుగు మెడ అనే అర్థం వస్తుంది. దానికి శిక్షగా "పొడుగు మెడల్ని ఎప్పటికీ పోషించండి" అన్నాడని, అప్పటి నుంచి హంసల్ని పెంచుతున్నారని చెప్తారు.

లోటు రెండు. తొమ్మిది దాటితే చాలా వంటిళ్లు కట్టేస్తారు, ఎనిమిది లోపే కూర్చోండి, ముందే టేబుల్ చెప్పిపెట్టుకోండి. మూడు రాత్రులు కొందరికి ఎక్కువ అనిపించవచ్చు. అలాంటప్పుడు మధ్యలో ఒక పూట గెంట్‌కి వెళ్లిరండి, రైల్లో అరగంటే. శాకాహారులకి ఒక హెచ్చరిక: బెల్జియం ఫ్రైలని ఆనవాయితీగా గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. నూనెలో వేయించేవాళ్లూ ఉన్నారు, అడగందే కొనకండి. కాలవ పడవలు మార్చి నుంచి నవంబరు సగం దాకా తిరుగుతాయి, అరగంట షికారు. వానకి మాత్రం నెలంటూ లేదు, గొడుగు తప్పనిసరి.

వీసా, ప్రయాణం

జర్మనీలో నివాస అనుమతి ఉన్న మాలాంటివాళ్లకి ఈ మూడు ఊళ్లకీ వేరే వీసా అక్కర్లేదు. బ్రిటన్‌లో ఉన్న మన పాస్‌పోర్టువాళ్లకి ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాల్సిందే, మా చెల్లెలి వాళ్లకీ అంతే. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి చెప్పనే అక్కర్లేదు. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టవచ్చు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే పెట్టాలి. కాబట్టి ఊరు తేల్చుకున్నాకే అపాయింట్‌మెంట్.

హైదరాబాద్ నుంచి మూడు రాత్రుల కోసమే ఎవరూ రారు. వాళ్లు పక్క ఊరితో కలిపి చూసుకోవాలి. ప్రాగ్‌కి వియన్నా జత, రైల్లో నాలుగు గంటలు. వెనిస్‌కి ఫ్లోరెన్స్. బ్రూజ్‌కి పారిస్, బ్రస్సెల్స్ మీదుగా. మొదటిసారి ఐరోపా వచ్చే కొత్త జంటకి, డబ్బు చూసుకుని ఖర్చు పెట్టాలంటే ప్రాగ్ అనే చెప్తాను. ఒక్కసారే వస్తాం, మళ్లీ రామేమో అనుకునేవాళ్లు అప్పుచేసైనా వెనిస్ చూడండి. నాకు మాత్రం ఈ మూడింటిలో వెనిస్ అంటేనే ప్రాణం, ఊడిన చక్రంతో సహా.

మళ్లీ చెల్లెలి దగ్గరికి వస్తే, వాళ్ల పెళ్లిరోజు అక్టోబరు చివర. "మీ ఇద్దరిలో పొద్దున ముందు లేచేదెవరు?" అని అడిగాను.

"ఇద్దరం అయిదింటికే. బాబు లేపేస్తాడు. రెండేళ్లయింది అక్కా, ఏడు దాకా పడుకుని."

"రాత్రి ఎన్నింటిదాకా మేలుకుంటారు?"

"తొమ్మిదిన్నరకి ఆయన సోఫాలోనే గురక."

రాత్రి మేలుకోలేరు కాబట్టి ఇక వెనిస్ లేదు. సెలవులోనైనా పొద్దున పడుకోనివ్వాలి కాబట్టి ప్రాగ్ లేదు. లండన్‌లో పొద్దున రైలెక్కితే రెండు గంటల్లో బ్రస్సెల్స్, ఇంకో గంటకి బ్రూజ్. పాస్‌పోర్టు తనిఖీ లండన్ స్టేషన్లోనే అయిపోతుంది. మధ్యాహ్నం ఊరంతా జనం ఉన్నప్పుడు నిద్రపొమ్మన్నాను, ఆరింటికి లేచి కాలవ గట్టున నడిచి, ఏడున్నరకి భోంచేసి, దీపాలు చూస్తూ గదికి రమ్మన్నాను. గది కాలవ వైపు కిటికీ ఉన్నదే అడగమని మరీమరీ చెప్పాను.

"కిటికీ ఎటున్నా ఫరవాలేదక్కా," అంది, "కర్టెన్లు మందంగా ఉంటే చాలు."